కూటా అసలు పేరు

"అసలు పేరు చెప్పవే తల్లీ, అసలు పేరు!" అని వాష్టి మంగిన్ ఫోన్లో అరుస్తోందంటే, మా టాలివర్ దీవి వాళ్లలో ఎవరో ఒకరు ఆషెపూ కౌంటీ జైల్లో పడ్డారని అర్థం. ఆ అరుపు వీధి చివర చేపల షెడ్డు దాకా వినిపిస్తుంది. అక్కడ వలలు బాగుచేసుకునేవాళ్లు తల కూడా ఎత్తకుండా "ఈసారి ఎవరో పాపం" అనుకుని మళ్లీ పనిలో పడతారు.

నిజానికి జైలుకూ ఆవిడకూ ఏ సంబంధమూ లేదు. ముప్పయ్యేళ్లు బడి వంటింట్లో పిల్లలకు వండి వార్చి రిటైరయిన మనిషి. ఆదివారం చర్చిలో తెల్ల గ్లవుసులు తొడుక్కుని, ఆలస్యంగా వచ్చినవాళ్లను గుడ్లురిమి చూస్తూ వరసల్లో కూర్చోబెడుతుంది. మరి ఈ జైలు గోల ఆవిడ మెడకెలా చుట్టుకుందంటే, తమ్ముడి వల్ల. ఆవిడ వయసులో ఉన్నప్పుడు తమ్ముణ్ణి పోలీసులు దారిలో ఎక్కడో ఆపి పట్టుకుపోయారు. ఏ జైలో చెప్పే నాథుడు లేడు. వాళ్లమ్మ జైలు ఆఫీసులో ఈ కిటికీ దగ్గర నిలబడితే ఆ కిటికీకి పొమ్మన్నారు. ఆ కిటికీకి వెళితే భోజనాల వేళ అని మూసేశారు. చివరికి పక్క కౌంటీ జైల్లో దొరికాడు, కానీ అప్పటికే ఇంట్లోవాళ్లకు ఏడవడానికి కూడా ఓపిక మిగల్లేదు. అమ్మ ఆ తర్వాత ఎంతో కాలం బతకలేదు. లోపలున్నవాడికి జైలే శిక్ష, వాడెక్కడున్నాడో తెలియక బయట తిరిగేవాళ్లకు పడే శిక్షకు మాత్రం పేరు కూడా లేదని వాష్టి ఇప్పటికీ అంటుంది.

అందుకే షెరీఫ్ ఆఫీసువాళ్లు, అంటే కౌంటీ పోలీసులు, జైల్లో ఉన్నవాళ్ల జాబితాను ఫోన్లో కనబడేట్టు పెట్టిన దగ్గర్నుంచి, దాని లోతుపాతులన్నీ ఆవిడ పట్టేసింది. ఎవరడిగినా చెబుతుంది. తిట్టకుండా మాత్రం చెప్పదు.

"మొదట ఇంటిపేరు కొట్టు. మొత్తం కొట్టకు, వాళ్లకు స్పెల్లింగులు రావు. మూడక్షరాలు కొట్టి వదిలెయ్. రాలేదా? కంగారుపడి నాకు పదిసార్లు ఫోన్ చెయ్యకు. లోపలికి తీసుకెళ్లగానే పేరెక్కదు. వేలిముద్రలు, ఫొటో, బట్టలు మార్చడం, నర్సు ప్రశ్నలు, ఇవన్నీ అయ్యాకే ఎక్కుతుంది. కాసేపు కాఫీ తాగి మళ్లీ చూడు. అప్పుడూ లేదా? జైలుకే ఫోన్ చెయ్. మిషను మాట్లాడుతుంది, దాంతో పోట్లాటకి దిగకు, సున్నా నొక్కు, మనిషొస్తాడు. పుట్టినరోజు అడుగుతాడు, దగ్గర పెట్టుకో. అక్కడా లేకపోతే పక్క కౌంటీ చూడు. అక్కడా లేకపోతే ఆస్పత్రులు. ఇంకో సంగతి, డబ్బు కడితే మేం వెతికిపెడతామని ఫోన్లో దొంగ సైట్లుంటాయి. వాటి జోలికి పోయావో, చెవులు మెలేస్తా. జైలు లిస్టు ఎవరైనా ఊరికే చూడొచ్చు, తెలిసిందా?"

ఇంత ప్రవచనం విన్నాక అవతలివాళ్లు, "అదంతా బాగానే ఉంది సిస్టర్, ఇంతకీ మా బూబూ ఉన్నాడా లేడా?" అంటారు. వాష్టికి తల ప్రాణం తోకకొచ్చేది సరిగ్గా ఇక్కడే.

మా దీవుల్లో పిల్ల ఇంకా బుట్టలో ఉండగానే ఒక పేరు పెడతారు. అది బుట్టపేరు. ఇంట్లో, వీధిలో, పడవ మీద, పెళ్లిలో, చావులో అన్నిచోట్లా ఆ పేరే. కాగితాల కోసం అసలు పేరు ఇంకొకటి ఉంటుంది గానీ, దాన్ని పండగకు వాడే పింగాణీ ప్లేట్లలా బీరువాలో పెట్టి మరిచిపోతారు. బూబూ అసలు పేరేమిటంటే బూబూ మేనత్తే నోరు వెళ్లబెడుతుంది. డెబ్బై దాటి, పళ్లన్నీ కట్టించుకున్న పక్కింటి ముసలమ్మను ఇవాళ్టికీ అందరూ బేబీ సిస్ అనే పిలుస్తారు. వాష్టికీ ఒక బుట్టపేరు ఉంది, పెప్పర్. పొత్తిళ్లలో పసిగుడ్డును చూసి ఆ ఘాటు ఎవరు పసిగట్టారోగానీ మహానుభావులు.

"ఎత్తుకుని పెంచావు కదే, వాడి పేరేంటో తెలియదా?" అని వాష్టి ఫోన్లో నెత్తీ నోరూ కొట్టుకుంటుంది. "జైలువాళ్లకి బూబూ అంటే ఏం తెలుస్తుంది? రేపు దేవుడి దగ్గరికెళ్లినా బూబూ మేనత్తనని చెప్పుకుంటావా? సొంత మనుషుల పేర్లు తెలియని జనంతో ఎలా వేగేదిరా నాయనా!"

ఇలా ఏళ్ల తరబడి ఊరందరినీ దులిపేసిన మనిషికి ఒక శనివారం మధ్యాహ్నం తన వంతు వచ్చింది.

దానికి ముందు కూటా సంగతి చెప్పాలి. కూటా అంటే మా మాటల్లో తాబేలు. పొట్టి మెడ, నిదానం నడక, అంతకన్నా నిదానం మాట. అతనిది అవతలి దీవి. అక్కడ డబ్బున్నవాళ్ల కాలనీకి గేటూ గోల్ఫ్ మైదానాలూ వచ్చి, పెరిగిన పన్నులు కట్టలేక ఇల్లు పోయాక, పడవ ఒకటి మిగిలితే అందులో ఇటొచ్చి చేపల షెడ్డు వెనక గదిలో ఉంటున్నాడు. రొయ్యలు, పీతలు పడతాడు. అతనికి షుగరు. ఇన్సులిన్ సీసా వాష్టి ఫ్రిజ్‌లో ఉంటుంది, ఎందుకంటే అతని గదిలో ఫ్రిజ్ లేదు. పొద్దున్నే వస్తాడు, సూది వేసుకుంటాడు, ఆవిడ పెట్టింది తిని పడవెక్కుతాడు. సాయంత్రం దీపాలు పెట్టే వేళకు మళ్లీ వస్తాడు. పోయిన తుఫానుకు వంతెన మూసేసి మందు అయిపోయినప్పుడు, ఒక్క రోజులోనే మనిషి వాంతులు చేసుకుని స్పృహ తప్పాడు. ఆస్పత్రిలో వాష్టి అతని మంచం పక్కనే కూర్చుని, లేచాక తిట్టడానికి తిట్లు పోగేసుకుంది.

ఈస్టరు రోజు అతను పెళ్లి మాటెత్తాడు. అన్నం తిన్నాక, చాలాసేపు బల్ల వంక చూసి, "మనం చేసుకుందామా?" అన్నాడు.

"అరవై దాటాక పెళ్లేంటయ్యా? లేచి ఆ ప్లేట్లు కడుగు," అంది వాష్టి.

అతను లేచి కడిగాడు. ఆ మాట మళ్లీ ఎత్తలేదు. వాష్టి కూడా ఎత్తలేదు, కానీ ఆ రోజు నుంచి అతని కంచంలో రొయ్యలు రెండు ఎక్కువ పడుతున్నాయని బేబీ సిస్ గమనించి ఊరంతా చెప్పింది.

ఆ శనివారం ఆ బేబీ సిస్సే రొప్పుకుంటూ వాకిట్లోకి వచ్చింది. "కూటాని పట్టుకుపోయారే పెప్పర్! పడవతో సహా!"

సంగతి ఇది. కూటా తల్లి సమాధి అవతలి దీవిలో ఉంది. ఆ పాత శ్మశానం ఇప్పుడు గేటు లోపలికి పోయింది. గాలివానకు కొమ్మలు విరిగి సమాధుల మీద పడ్డాయని ఎవరో చెబితే, కూటా చీపురు పట్టుకుని గేటు దగ్గరికెళ్లాడు. కాపలావాడు పాసు అడిగాడు. మా అమ్మను చూడ్డానికి పాసేమిటన్నాడు కూటా. పాసు లేనిదే కుదరదన్నాడు వాడు. కూటా వాదించకుండా వెనక్కి తిరిగి, పడవేసుకుని వెనక కాలువ గుండా లోపలికెళ్లి, అమ్మ సమాధి ఊడుస్తున్నాడు. అక్కడే పట్టుకున్నారు. కన్నతల్లి సమాధి ఊడిస్తే నేరమైన దేశంలో ఉన్నందుకు ఎవర్ని తిట్టుకోవాలో నాకైతే ఇప్పటికీ తెలియదు.

వాష్టి చేతులు తుడుచుకుని, కళ్లజోడు పెట్టుకుని, ఫోన్ తీసి, జైలు జాబితా తెరిచింది. ఇంటిపేరు అని ఉన్న గడి మీద వేలు పెట్టింది. వేలు అక్కడే ఆగిపోయింది.

"చూస్తావేంటే? కొట్టు," అంది బేబీ సిస్.

"ఏం కొట్టను?"

"ఇంటిపేరు. మూడక్షరాలు కొట్టి వదిలెయ్. నువ్వే కదా చెబుతావు?"

"తెలియదు."

"నీకు తెలియదా? నీకా?" బేబీ సిస్ ఆ ఒక్క మాటలో ఊరి జనం అందరి కసీ తీర్చేసింది. పైట కొంగులాంటి శాలువాను నోటికి అడ్డం పెట్టుకుంది.

"నవ్వావంటే చంపేస్తా."

"నవ్వెక్కడే, దగ్గొచ్చింది."

వాష్టి ఫోన్ బల్ల మీద పెట్టింది. ఈ మనిషికి రోజూ రెండు పూటలా వండి పెట్టింది. అతనికి ఉప్పెంత వేయాలో తెలుసు, ఏ మోకాలు నొప్పో తెలుసు, నిద్రలో ఎవరి పేరు కలవరిస్తాడో కూడా ఆస్పత్రిలో విని తెలుసుకుంది. పేరు తెలియదు. పొద్దున వేసుకున్న సూది సాయంత్రం దాకానే. సాయంత్రానికి అతనెక్కడున్నాడో తెలియకపోతే ఆ తర్వాత వెతికి లాభం లేదు.

ఫ్రిజ్ తెరిచి ఇన్సులిన్ సీసా చూసింది. టౌన్లో మందుల షాపు నుంచి దాన్ని పీతల ఐసుపెట్టెలో వేసి తేవడం అతనికి అలవాటు. కాగితం నానిపోయి, ఎప్పుడో ఊడిపోయింది. మిగిలిన ముక్క మీద ఒక సున్నాయో, ఒక అక్షరమో, పీత గీరిన గీతో ఏదీ చెప్పలేం.

షాపుకు ఫోన్ చేసింది. "ఒక పేషెంటు పేరు కావాలమ్మా."

"పేషెంటు పేరు చెప్పండి మేడమ్," అంది అవతలి పిల్ల.

"ఆ పేరు కోసమే కదమ్మా నీకు ఫోన్ చేసింది."

"పేరు చెప్పనిదే వివరాలు చెప్పకూడదండి."

"నాక్కావలసిన వివరం పేరే తల్లీ."

"అదే వివరం మేడమ్."

ఆస్పత్రికి చేస్తే అక్కడా అదే పాట. వాష్టి ఫోన్ పెట్టేసి గోడ వైపు తిరిగి నాలుగు మాటలు అంది. అవి చర్చిలో తెల్ల గ్లవుసులు వేసుకునే మనిషి అనవలసినవి కావు గనక నేనిక్కడ రాయను.

చేపల షెడ్డు యజమానిని అడిగితే, "కూటా అనే రాసుకుంటాను, ఇంకేం పేరు?" అన్నాడు. పాస్టరు గారిని అడిగితే, "బ్రదర్ కూటా అనే బాప్తిస్మం ఇచ్చానమ్మా. దేవుడు ఇంటిపేరు అడగలేదు, నేనూ అడగలేదు," అన్నాడు. "అడిగుంటే మీ సొమ్మేం పోయేది పాస్టర్ గారూ?" అని వాష్టి ఆయన్నీ వదల్లేదు. పడవ మీద నంబరుంది, కానీ పడవ వాళ్ల దగ్గరే ఉందాయె.

ఇక ఒకటే దారి. గడిలో ఏమీ కొట్టకుండా నొక్కితే జైల్లో ఉన్న అందరూ వస్తారు. వాష్టి అలాగే నొక్కి, ఒక్కొక్కరి ఫొటో చూసుకుంటూ పోయింది. తాగి పడ్డవాళ్లు, కొట్టుకున్నవాళ్లు, బడిలో తన చేతి అన్నం తిన్న ఇద్దరు పిల్లకాయలు, వాళ్లను బయటికొచ్చాక నిలదీయాలని గుర్తుపెట్టుకుంది. కూటా లేడు. మధ్యలో ఒకచోట 'డో, జాన్' అని ఉంది, ఫొటో లేదు. పేరు చెప్పనివాడికి, చెప్పలేనివాడికి వాళ్లు తగిలించే పేరది. ఎవడో తాగి ఒళ్లు తెలియకుండా పడి ఉంటాడనుకుని వాష్టి దాన్ని దాటేసింది. ఇన్నేళ్లు ఊరందరికీ పాఠాలు చెప్పిన మనిషి చేసిన పొరపాటు అదే.

జైలుకు ఫోన్ చేసి సున్నా నొక్కింది. ఎవడో కుర్రాడు ఎత్తాడు.

"పేరు?"

"కూటా."

"స్పెల్లింగ్?"

"తాబేలుకి స్పెల్లింగేంటి బాబూ!" అని నోరు జారింది వాష్టి. అతను ఫోన్ పెట్టేశాడు.

దాంతో ఆవిడ ఇంకెవరికీ ఫోన్ చేయలేదు. సీసాను ఐసులో పెట్టుకుని, "కూటా ఇటొస్తే కదలనివ్వకు" అని బేబీ సిస్‌ను వాకిట్లో కూర్చోబెట్టి, కారేసుకుని వంతెన దాటి టౌన్లో జైలుకే వెళ్లింది.

అద్దం కిటికీ వెనక సార్జెంట్ థాడియస్ పొలైట్ కూర్చున్నాడు. ఇంటిపేరే పొలైట్. ఆ మర్యాద ఇంటిపేరు దగ్గరే ఆగిపోయింది. ఇస్త్రీ మడత నలగని చొక్కా, ఛాతీ మీద మెరిసే బిళ్ల. హాల్లో బెంచీల నిండా జనం.

"ఖైదీ పేరు?" అన్నాడు తలెత్తకుండా.

"పేరు తెలియదు బాబూ. మనిషిని చెబుతాను. ముసలాయన, పొట్టి మెడ, ఈ మధ్యాహ్నం సమాధి దగ్గర పట్టుకున్నారు. షుగరుంది. సూది మందు తెచ్చాను."

"పేరు లేకుండా నేనేం చెయ్యలేనమ్మా. తెలుసుకుని రండి. నెక్స్ట్!"

"కొంచెం లోపలికెళ్లి చూసి రావొచ్చు కదా?"

"ఇదేమన్నా చేపల సంతా, చూసి ఏరుకోవడానికి? రూలంటే రూలు. నెక్స్ట్!"

వాష్టి అద్దానికి దగ్గరగా జరిగి అతని మొహంలోకి చూసింది. ఆ చెవులు ఎక్కడో చూసినట్టుంది. ముప్పయ్యేళ్లు బడి వంటింట్లో వరసలో నిలబడ్డ చెవులన్నీ ఆవిడకు గుర్తే.

"నువ్వు టాలివర్ దీవి హ్యారియట్ మనవడివి కదూ?" అంది మెల్లగా. "మూడో క్లాసులో రోజూ ఒకటి జేబులో దాచుకెళ్లేవాడివి. నిన్ను మీ నానమ్మ ఏమని పిలిచేదో ఈ హాల్లో అందరికీ వినబడేట్టు చెప్పనా?"

సార్జెంట్ తలెత్తాడు. మొహంలో రంగులు మారాయి. "మిస్ పెప్పర్?"

"చెప్పనా?"

"వద్దండీ."

"సరే, బిస్కెట్," అంది వాష్టి, అద్దానికున్న చిన్న చిల్లుల్లోంచి అతనికొక్కడికే వినబడేట్టు. "లేచి చూసి రా నాయనా."

బిస్కెట్ లేచాడు. తిరిగొచ్చేసరికి అతని గొంతు మారిపోయింది. "ఒకాయన ఉన్నాడండీ. నేను డ్యూటీకి రాకముందే తెచ్చారు. పేరడిగితే కూటా అని తప్ప నోరు విప్పడట. ఫొటో తీయబోతే మెడ లోపలికి లాక్కున్నాడట. వేలిముద్రలకి ఎక్కడా పేరు దొరకలేదు, ఎప్పుడూ తప్పు చేసిన మనిషి కాదు మరి. అందుకని జాన్ డో అని పెట్టేశారు."

"కూటా అని నోటితో చెప్పాడు కదా, అదే రాసుకోలేరా?"

"కంప్యూటరు తీసుకోదండీ. రెండు గడులు నింపాలి."

వాష్టికి ఆ అద్దం పగలగొట్టాలనిపించింది. "మరి సూది?"

"నర్సు చూసింది, షుగరు బాగా పెరిగింది. కానీ ఏ మందు, ఎంత వెయ్యాలో మందుల షాపువాళ్లు చెప్పాలి. మీరు తెచ్చింది మేం వాడకూడదు. షాపువాళ్లకి పేరు కావాలి. మరీ పడిపోతే ఆస్పత్రికి పంపుతాం."

"పడిపోయాకా! పడిపోయాక పంపుతారా!"

"ఇంకోటండీ, రేపు పొద్దున జడ్జిగారు విడుదల సంగతి చూస్తారు. పేరు లేకపోతే పిలవరు." బిస్కెట్ గొంతు తగ్గించాడు. "మీరు మాట్లాడి పేరు చెప్పించండి. ఇప్పుడు లోపలికి పంపాలంటే కుటుంబం అయ్యుండాలి. మీరు ఆయనకేమవుతారు?"

వాష్టి బెంచీల మీది జనాన్ని చూసింది, చేతిలో ఐసు కరిగి కారుతున్న సంచీని చూసింది. ఈస్టరు నుంచి నోట్లోనే నాన్చుకుంటున్న మాట అది. ఆఖరికి ఒక అద్దం కిటికీ ముందు, బిస్కెట్‌కు చెప్పవలసి వచ్చినందుకు ఆవిడకు ఒళ్లు మండిపోయింది.

"కాబోయే పెళ్లాన్ని," అంది.

బిస్కెట్ చెయ్యి నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

"నవ్వావంటే చూడు."

"దగ్గండీ, దగ్గొచ్చింది," అని తలుపు తీశాడు.

లోపల ఒక చిన్న గది, మధ్యలో మందపాటి అద్దం, ఇటొక ఫోను అటొక ఫోను. అటువైపు కూటా వచ్చి కూర్చున్నాడు. ఒంటి మీద వాళ్లిచ్చిన వదులు బట్టలు, పెదాలు ఎండిపోయి ఉన్నాయి. మాటిమాటికీ నీళ్లు మింగుతున్నట్టు గొంతు కదులుతోంది. ఫోనెత్తగానే ముందు మిషను మాట్లాడింది, ఈ సంభాషణ రికార్డవుతోందని.

"వచ్చావా," అన్నాడు కూటా.

"వచ్చావా అట! నీ కోసం ఊరంతా అడిగి నవ్వులపాలై వచ్చాను. పేరెందుకు చెప్పలేదయ్యా?"

అతను ఆలోచించాడు. తొందరపడే మనిషి కాదు, చచ్చిపోయే వేళకూ తొందరపడడు. "అమ్మ చెప్పొద్దంది."

"ఏంటీ?"

"నాకు ముందు పుట్టిన ముగ్గురు పోయారు. పేరు పెట్టడం, చర్చిలో పిలవడం, పోవడం. నా అసలు పేరు అమ్మ నా చెవిలోనే చెప్పింది. లిస్టు పట్టుకుని వచ్చే ఏ మనిషికీ చెప్పకురా, చావు కూడా లిస్టు పట్టుకునే వస్తుంది అంది."

"మరి మందుల షాపువాడికి చెప్పావుగా? వాడి దగ్గరుండేదీ లిస్టే!"

"అది బతికించే లిస్టు," అన్నాడు కూటా. "ఇది వేరు."

వాష్టి తల పట్టుకుంది. "చావు నిన్ను పేరెట్టి పిలవక్కర్లేదయ్యా మనిషీ, షుగరు చాలు! సాయంత్రం సూది పడకపోతే మీ అమ్మ దాచిన పేరు రాతి మీద చెక్కించడానికి తప్ప దేనికీ పనికిరాదు. అసలు ఇంకెవరికీ చెప్పొద్దందా మీ అమ్మ?"

"ఒక్కరికి చెప్పమంది. పెళ్లాడే మనిషికి." అతను బల్ల వంక చూశాడు, ఈస్టరు రోజు చూసినట్టే. "దానికి కూడా పేరు తెలియకపోతే తప్పిపోయిన రోజున నిన్ను వెతికేదెవర్రా, దానికొక్కదానికి చెప్పు అంది. అందుకే అడిగాను నిన్ను. నువ్వు ప్లేట్లు కడగమన్నావు."

వాష్టికి అమ్మ గుర్తొచ్చింది, మూసేసిన కిటికీ ముందు చేతిసంచీతో నిలబడ్డ అమ్మ. కళ్లలో నీళ్లు తిరిగాయి. నీళ్లు తిరిగినందుకు ఇంకా కోపమొచ్చింది.

"విను," అంది. "మా తమ్ముడి కోసం కిటికీ కిటికీ తిరిగి మా అమ్మ పోయింది. ఇవాళ మళ్లీ నేను తిరిగాను. పేరు కూడా తెలియని మనిషి కోసం ఎందుకిలా చస్తున్నానా అని దారి పొడుగునా ఏడ్చాను. ఇంకోసారి తిరిగే ఓపిక నాకు లేదు. చేసుకుంటా. వినబడిందా? చేసుకుంటానంటున్నా. ఇప్పుడు పేరు చెప్పు."

కూటా మొహం మెల్లగా విచ్చుకుంది. చెవి దగ్గర ఫోనును ఒకసారి చూసి, "ఇది రికార్డవుతోందటగా," అని దాన్ని పక్కన పెట్టేశాడు. ముందుకు వంగి అద్దం మీద గట్టిగా ఊదాడు. ఆవిరి పట్టిన చోట వేలితో రాయడం మొదలుపెట్టాడు. ఒక్కసారి ఊదిన ఆవిరి చాల్లేదు, మళ్లీ ఊది, మళ్లీ రాశాడు. ఇటువైపు నుంచి అక్షరాలన్నీ తిరగబడి ఉన్నాయి. వాష్టి కళ్లజోడు సర్దుకుని, మెడ వంచి, కుడి నుంచి ఎడమకు ఒక్కో అక్షరం కూడబలుక్కుంది. చదివాక చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. ఎంత మంచి పేరు! నోటి నిండా పట్టేంత పేరును ఇన్నేళ్లు డిప్ప కింద దాచుకున్నాడు ఈ మనిషి. అక్షరాలు ఆరిపోయాయి, మిగిలినవి అతను చొక్కా చేతితో తుడిచేశాడు.

మళ్లీ ఫోనెత్తి పుట్టినరోజు మామూలుగానే చెప్పాడు, దానికి వాళ్లమ్మ అడ్డం చెప్పలేదట.

"ఇది నేను బయట చెబితేనే నీకు సూది," అంది వాష్టి. "లిస్టులో ఎక్కుతుంది మరి."

కూటా మళ్లీ ఆలోచించాడు. "నువ్వు చెబితే నువ్వు చెప్పినట్టు. నేను చెప్పలేదుగా," అన్నాడు.

తాబేలు బుర్ర అంటారు గానీ, అందులో ఎంత తెలివుందో ఆ రోజే తెలిసింది.

వాష్టి పేరు చెప్పింది. బిస్కెట్ రెండు గడులూ నింపాడు. నర్సు షాపుకు ఫోన్ చేసింది, అదే పిల్ల ఈసారి వివరాలన్నీ గడగడా చెప్పింది. సూది పడిందని నర్సు స్వయంగా వచ్చి చెప్పేదాకా వాష్టి బెంచీ మీంచి కదల్లేదు. ఆ తర్వాతే కారెక్కింది.

వంతెన దాటుతుండగా ఫోన్ మోగింది. బేబీ సిస్.

"పెప్పర్, నువ్వు చేసినట్టే గడి ఖాళీగా వదిలి నొక్కి లిస్టంతా చూశానే. మన కూటా లేడు. జాన్ డో అని ఎవడో ఉండేవాడు, వాడు కూడా పోయాడు. వాడి చోట కొత్తగా ఒకాయన ఎక్కాడు, ఫొటో లేదు. అబ్బో, ఏం పేరే అది! నాకు నోరే తిరగట్లేదు." బేబీ సిస్ ఆ పేరు చదవబోయి రెండుసార్లు తడబడి వదిలేసింది. "మనవైపు మనిషి కాదులే, ఎవరో పరాయి ఊరివాడు. పాపం, మనవాళ్లకంటే నువ్వున్నావు. ఆయన కోసం వెతుక్కుంటూ వచ్చే మనిషి ఉందో లేదో!"

వాష్టి కారును వంతెన చివర పక్కకు తీసి ఆపింది.

"ఉందిలేవే," అంది. "ఉంది. నువ్వింటికెళ్లి అన్నం తిను."

"ఎవరే?"

"అసలు పేరు చెప్పు, అప్పుడు చెబుతా," అని ఫోన్ పెట్టేసింది.